పెన్సిల్‌తో రాసిన తప్పు

జూన్ 2, సోమవారం

బీరువాలు ఖాళీ చేసేశారు. ఆరు బీరువాలు, ఎనిమిది వందల పన్నెండు సర్వీసు పుస్తకాలు. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి, టీ వేళకల్లా అట్టపెట్టెల్లో కుక్కి, టేపు చుట్టి లారీ ఎక్కించేశారు. పుస్తకం ఎలా పట్టుకోవాలో కూడా తెలియని మనుషులు. పాత పుస్తకాల అట్టలు ఊడిపోతాయి, కింద చెయ్యి పెట్టి ఎత్తండి నాయనా అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. గోడకి చెప్పుకున్నా నయం.

ఇరవై ఆరేళ్లు. ఈ సీసాల ఫ్యాక్టరీలో ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరికి ఎన్ని సెలవులు మిగిలాయి, ఎవరు ఏ తప్పు చేశారు, అంతా నా చేతిరాతే. సగం నా తలలో కూడా ఉంది. పనివాళ్లు నన్ను తాళాలక్క అని ఊరికే అనరు.

హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. రెండు ఫోన్లు. ఒకటి చెవికి, ఒకటి చేతికి. "ఇకమీదట మన అయిదు ఫ్యాక్టరీల రికార్డులూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయి మేడమ్. అక్కడ కూర్చుని మీ దగ్గర ఎవరి ఫైలైనా క్షణంలో చూసేయొచ్చు" అన్నాడు.

"నేనూ క్షణంలోనే తీస్తాను. కావాలంటే ఫోన్ చెయ్యమనండి" అన్నాను.

నవ్వాడు. పసిపిల్ల ఏదో ముద్దుగా అన్నట్టు నవ్వాడు. నాకు యాభై మూడేళ్లు.

జూన్ 4, బుధవారం

బీరువాలు తుడిచి మళ్లీ తాళాలు వేశాను. లోపల ఏమీ లేదు. అయినా వేశాను.

జూన్ 10, మంగళవారం

రెండుఫోన్లాయనతో ఈరోజు పెద్ద గొడవ. అనవసరంగా అరిచానని మేనేజరు అంటున్నాడు. అనవసరంగా కాదు.

వాళ్లు పుస్తకాలన్నీ ఎక్కడో స్కాన్ చేయించి, ఆ బొమ్మలు చూసి టైపు చేయిస్తున్నారట. పెన్సిల్ రాతల్ని ఏం చేస్తున్నారని అడిగాను. "పెన్సిలా?" అన్నాడు. వెర్రిముఖం వేశాడు.

అప్పుడు చెప్పాను. మా దగ్గర మందలింపు ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాస్తాం. పెద్ద గుమాస్తా గారు పెట్టిన పద్ధతి, తరవాత మిగతా ఫ్యాక్టరీల గుమాస్తాలూ అందుకున్నారు. నాకు పని నేర్పింది ఆయనే, పోయి పదేళ్లు దాటింది. ఆలస్యంగా వచ్చినా, సూపర్‌వైజర్ని ఎదిరించినా, సీసాల ట్రే పగలగొట్టినా, పేజీలో పెన్సిల్‌తో ఒక గీత గీసి, గీత మీద తప్పు రాసి తేదీ వేస్తాం. ఏడాదిపాటు ఆ మనిషి మీద ఇంకే ఫిర్యాదూ రాకపోతే, ఏడాది నిండినరోజు అతన్ని కిటికీ దగ్గరికి పిలిచి, కళ్లముందే రబ్బరుతో తుడిచేస్తాం. రబ్బరు పొట్టు అతనే ఊదుకోవాలి. దానికి తుడుపు అని పేరు. ఊదేటప్పుడు నలభై ఏళ్ల మగాడు కూడా సిగ్గుపడి నవ్వుతాడు. మళ్లీ తప్పు చేస్తే మాత్రం ఇంకు పడుతుంది. ఇంకు పడ్డవాడు ఈ ఫ్యాక్టరీలో పదిమంది లేరు.

అంతా విని, "ఇది రూల్‌బుక్‌లో ఎక్కడుంది మేడమ్?" అన్నాడు.

రూల్‌బుక్కట! ఆయన అమ్మ కొట్టేటప్పుడు రూల్‌బుక్ చూసి కొట్టిందా?

"స్కానింగులో పెన్సిలూ ఇంకూ ఒకే నలుపు. తప్పు ఉందా, లేదా. సిస్టమ్‌లో ఆ రెండు గడులే ఉన్నాయి" అన్నాడు. "అయినా ఏడాది దాటినవి మీరు తుడిచేసే ఉంటారు కదా. ఇంక బాధేముంది?"

బాధేమీ లేదన్నాను. తుడిచేసే ఉంటాను కదా.

జూన్ 26, గురువారం

గేటు పక్కన మెషిన్ పెట్టారు. వేలు పెడితే ఎవరి ఫైలు వాళ్లకి తెరమీద కనబడుతుంది. సెలవు అందులోనే పెట్టుకోవచ్చు, అందులోనే మంజూరవుతుంది. పొద్దున్నుంచి దాని ముందు సంతలా జనం. ఒకడి ఫైలు ఒకడు తొంగిచూసి వెక్కిరింపులు. "ఓరి నీ వయసు యాభై ఆరా? జుట్టుకి రంగేసుకుని మమ్మల్ని ఎంత మోసం చేశావురా!"

క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే ఆవిడకి నలభై మూడు రోజుల సెలవు ఉందని తేలింది. అయిదేళ్లుగా ఆమె ఎప్పుడు సెలవడిగినా, లేదు పొమ్మని క్యాంటీన్ సూపర్‌వైజరు కసురుకునేవాడట. ఆమె నన్నొచ్చి అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా!

"మీ కిటికీ ఎప్పుడూ సగం మూసే ఉంటుంది కదమ్మా. భయమేసేది" అంది.

గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుంది. కిటికీ సగం మూసేది దుమ్ము పడకుండా. ఇరవై ఆరేళ్లుగా దుమ్ము పడకుండా కాపాడితే నాకు దక్కిన పేరు ఇదీ.

ఈరోజు నా కిటికీ దగ్గరికి మొత్తం ముగ్గురు వచ్చారు. ఒకడు మెషిన్ ఎక్కడని అడిగాడు.

జూలై 7, సోమవారం

రెండో నంబరు ఫర్నేస్ ఆర్పేస్తున్నారు. నోటీసు పెట్టారు. పాతబడిపోయిందట, బాగుచేసేకంటే కొత్తది కట్టడం మేలట. ఆ కొత్తది నాలుగో ఫ్యాక్టరీలో, రైల్లో తొమ్మిది గంటల దూరం. దాని మీద పనిచేసే నలభై ఒక్కమందిలో ఇరవై ఎనిమిది మందిని అక్కడికి తీసుకుంటారు. పదముగ్గురు ఇంటికి. ఎవరు వెళ్లాలి, ఎవరు ఆగాలి అన్నది సిస్టమే లెక్కకట్టి చెబుతుందట. మనుషుల ప్రమేయం ఉండదు, పక్షపాతం ఉండదు, అని నోటీసులో గొప్పగా రాశారు.

మరిది అందులోనే ఉన్నాడు. నా చెల్లెలి మొగుడు. పదిహేడేళ్లుగా అదే ఫర్నేస్. మంట రంగు చూసి వేడెంతో చెప్పేస్తాడు, మీటరు తరవాత చూసుకుంటాడు. చెల్లెలు సాయంత్రం ఫోన్ చేసింది. "తొమ్మిది గంటల దూరమా అక్కా, పిల్ల స్కూలు ఏమవుతుంది" అని దాని దిగులు. వెళ్లాల్సొస్తుందేమో అన్న దిగులే తప్ప, ఉద్యోగం పోతుందేమో అన్న అనుమానం దానికి లేదు. నాకూ లేదు.

జూలై 9, బుధవారం

మరిది పేరు లేదు.

మూడుసార్లు చూశాను. ముందు లిస్టులో ఇరవై ఆరుగురున్నారు. అభ్యంతరాల కోసం రెండు చోట్లు అట్టిపెట్టారు. ఆఖరి లిస్టు ఇరవై ఎనిమిదో తారీఖున. నా గొడవ తరవాత తుడుపుకీ ఒక గడి చేర్చారు కాబోలు, మరిది పేరు పక్కన కారణం: "మందలింపు ఒకటి. తుడుపు నమోదు కాలేదు."

నిన్నగాక మొన్న చేరినవాడికి చోటుంది. మంట అంటే బీడీ వెలిగించుకోవడం మాత్రమే తెలిసినవాడికి చోటుంది. పదిహేడేళ్లవాడు ఇంటికి!

ఇదంతా ఆ టైపు చేసినవాళ్ల నిర్వాకం. కళ్లు మూసుకుని కొట్టి ఉంటారు. ఎవరి తప్పో తెచ్చి ఎవరి పేజీలోనో పడేసి ఉంటారు. చెప్పాను, ఆరోజే చెప్పాను, ఎవడు విన్నాడు?

జూలై 10, గురువారం

చెల్లెలు ఇంటికొచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"ఏంటక్కా ఇది? ఈయన మీద ఇంకా ఆ మందలింపేంటి? నువ్వుండగా?"

"నేనుండగా అంటే? ఇప్పుడంతా వాళ్ల చేతిలో ఉంది. ఆ మాయదారి కంప్యూటరు తప్పులేస్తోంది. నేను సరిచేయిస్తాను."

"నీదే భారం. ఆయన అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. నలభై నాలుగేళ్లవాణ్ని ఇప్పుడెవడు తీసుకుంటాడక్కా? ఫర్నేస్ పని తప్ప ఇంకో పని రాదు."

నాదే భారం అన్నాను. అది వెళ్లాక మా ఆయన పేపరు దించి, "నిజంగా కంప్యూటరు తప్పేనా?" అన్నాడు.

ఆయనకి ఇంట్లో ఉప్పెక్కడుంటుందో తెలియదు. కంప్యూటర్ల గురించి అడుగుతాడు!

జూలై 11, శుక్రవారం

సహాయ కేంద్రానికి పదకొండుసార్లు ఫోన్ చేశాను. పాట. మళ్లీ పాట. చివరికి ఎవరో అమ్మాయి ఎత్తి, నా కష్టమంతా విని, "మీ ఫిర్యాదుకి నంబరు ఇచ్చాం" అంది. నంబరెందుకమ్మా, నాకు మనిషి కావాలి అన్నాను. "మనిషి కూడా ఆ నంబరుతోనే వస్తారండి" అంది. పాపం, దానిదేం తప్పు? అయినా ఫోన్ విసురుగా పెట్టేశాను.

సవరణ కోరే ఫారం తెరమీదే ఉంది. కారణం దగ్గర మూడు వరసలు కనబడతాయి: టైపింగు పొరపాటు, స్కానింగు పొరపాటు, ఇతరములు. టైపింగు పొరపాటు నొక్కి పంపాను.

జూలై 14, సోమవారం

తిప్పికొట్టారు. పేజీ బొమ్మ కూడా జతచేశారు, చూసుకో అన్నట్టు.

నా చేతిరాత. "విధుల్లో నిద్ర." తేదీ, తొమ్మిదేళ్ల కిందటిది. కింద నా సంతకం. స్కానింగులో నల్లగా, ఇంకుతో రాసినట్టే ఉంది.

పుస్తకంలో ఆ కాగితం నా ముందుంటే రెండు నిమిషాల పని. స్కాన్ అయిపోయాక పుస్తకాలన్నీ ముక్కలు చేసి అమ్మేశారట. రెండుఫోన్లాయన ఎంత ఉత్సాహంగా చెప్పాడో! ఎనిమిది వందల పన్నెండు పుస్తకాలు. ఎవడబ్బ సొమ్మని?

జూలై 15, మంగళవారం

తొమ్మిదేళ్ల నాటి సంగతి అది. ఎవరికి గుర్తుంటుంది?

జూలై 16, బుధవారం

మేనేజరు గదికి వెళ్లాను. ఈయన వచ్చి మూడేళ్లే అయింది, అయినా తుడుపు పద్ధతి తెలుసు. తలుపు దగ్గరగా వేసి నెమ్మదిగా అడిగాడు.

"ఆ ఏడాదిలో అతని మీద ఇంకేమైనా ఫిర్యాదు ఉందా?"

"లేదండి."

"మరి తుడవలేదేం?"

"మర్చిపోయాను."

"మీరా?" అన్నాడు.

అందులో వెక్కిరింపు లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నాకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిది వందల మంది పుస్తకాలు చూసేదాన్ని, ఒక్క గీత మరిచిపోకూడదా, నేనేమైనా మెషిన్నా, అని గట్టిగానే అరిచాను. బయట టైపిస్టు చెయ్యి ఆగిపోవడం వినపడింది.

ఆయన కోప్పడలేదు. తెర నావైపు తిప్పి చూపించాడు. మిగతా నాలుగు ఫ్యాక్టరీల నుంచి వచ్చిన సవరణలన్నీ ఒకేచోట కనబడుతున్నాయి. పందొమ్మిది. అన్నిట్లోనూ "గుమాస్తా మరిచిపోయారు" అనే ఉంది. ఆ గుమాస్తాలందరూ ఒకరికి తెలియకుండా ఒకరు అదే మాట రాశారు, నేను ఇప్పుడు నోటితో అన్నాను. పూర్వం అయితే అయిదు చోట్ల అయిదు కాగితాలు, ఎవరిది వారికి చెల్లిపోయేది. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తున్నారు కదా, పందొమ్మిదీ కొట్టేశారు. మరుపు అనే కారణం ఇకమీదట చెల్లదని అడుగున ఒక వాక్యం కూడా పెట్టారు.

"ఎందుకు తుడవలేదో ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని ఉన్నదున్నట్టు రాస్తే చూస్తామంటున్నారు" అన్నాడు మేనేజరు. "ఇరవై నాలుగో తారీఖు సాయంత్రం దాకా టైముంది. ఆలోచించుకోండి."

ఏం ఆలోచించుకోవాలి? మర్చిపోయాను.

జూలై 19, శనివారం

చెల్లెలి ఇంటికి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది.

మరిది వరండాలో కూర్చుని స్టవ్ బర్నర్ శుభ్రం చేస్తున్నాడు. ఖాళీగా ఉండలేడు. నన్ను చూసి లేచి కుర్చీ తుడిచి వేశాడు. పిల్ల "పెద్దమ్మా" అంటూ వచ్చి నా సంచి లాక్కుంది.

"శ్రమపడుతున్నారట వదినా, మీ చెల్లెలు చెప్పింది. నాకోసం అందరితో గొడవలు పెట్టుకోకండి" అన్నాడు.

"గొడవేముంది, వాళ్లు చేసిన తప్పు వాళ్లు దిద్దుకోవాలి" అన్నాను.

"వాళ్ల తప్పేముందిలెండి. నేను నిద్రపోయింది నిజమే కదా." బర్నర్ కన్నాల్లో సూది తిప్పుతూనే చెబుతున్నాడు. "మొన్న గేటు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను. పదిహేడేళ్లలో నా కాగితం నేను చూసుకోవడం అదే మొదలు. అది ఇంకా ఉండటం చూసి నాకే ఆశ్చర్యం వేసింది. మీరు తుడిచేశారనుకున్నాను."

పిల్ల చేతిలోంచి నా సంచి వెనక్కి తీసుకున్నాను.

"ఏడాది నిండినరోజు పిలుస్తారని చూశాను. పిలవలేదు. వదిన మంచిపని చేసింది, సొంత మనిషిని అందరిముందూ నిలబెట్టి పొట్టు ఊదించడం ఎందుకని తనే తుడిచేసి ఊరుకుంది, అనుకున్నాను. మీ చెల్లెలితో కూడా అదే చెప్పాను."

చెల్లెలు లోపల్నుంచి, "అవునక్కా, ఆరోజు నీ గురించి ఎంత గొప్పగా చెప్పారో" అంది.

"అప్పుడే వచ్చి కారణం చెబుదామనుకున్నాను. మళ్లీ, చుట్టరికం వాడుకుంటున్నానని మీకు మాటొస్తుందని ఊరుకున్నాను" అన్నాడు.

టీ తాగకుండానే వచ్చేశాను. బస్సులో కండక్టరుతో చిల్లర దగ్గర తగువాడాను. ఇంటికొచ్చి మా ఆయనతో తగువాడాను. ఎందుకో గుర్తులేదు.

జూలై 20, ఆదివారం

మర్చిపోలేదు.

ఇది ఎవరూ చదవరు. ఇక్కడ కూడా అబద్ధం రాసుకుంటే ఇంక నేను బతికున్నట్టే కాదు.

తొమ్మిదేళ్ల కిందట అమ్మకి గుండె నెప్పి వస్తే ఆస్పత్రిలో చేర్చారు. ఆ వారం మాకు ఇన్‌స్పెక్షన్. నేను వెళ్లలేదు. వెళ్లలేకపోయానని అందరికీ చెప్పాను. సెలవడిగితే ఇచ్చేవారు, నేనే అడగలేదు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన నా పుస్తకాలు చూసి మెచ్చుకుంటే వినాలని ఉండిపోయాను. మెచ్చుకున్నాడు కూడా. చెల్లెలికి అప్పుడు ఏడో నెల. అందుకని మరిదే రెండు రాత్రులు అమ్మ మంచం పక్కన కూర్చున్నాడు. మూడోరోజు పొద్దున తిన్నగా షిఫ్టుకొచ్చాడు. మధ్యాహ్నం మీటర్ల ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. ఏమీ కాలేదు. సూపర్‌వైజరు చూసి, కాగితం రాసి నాకు పంపాడు.

కారణం రాయడానికి అందులో ఒక గడి ఉంటుంది. అమ్మ ఆ పొద్దునే ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, "అల్లుడు రెండు రాత్రులు కన్ను మూయలేదే" అని నాతో చెప్పింది. ఆ ఒక్క మాట గడిలో రాసి ఉంటే అప్పటి మేనేజరే కాగితం చింపేసేవాడు. నేను రాయలేదు. నా చుట్టాన్ని వెనకేసుకొచ్చానని ఎవరూ అనకూడదని రాయలేదు. ఆరోజు నన్ను చూసి నేనే మురిసిపోయాను. ఎంత నిజాయితీ గల మనిషినని!

తరవాత అమ్మను చెల్లెలి ఇంటికి తీసుకెళ్లారు. ఏడు నెలలు వాళ్లే చేశారు. నేను ఆదివారాలు పళ్లు పట్టుకుని వెళ్లేదాన్ని. అమ్మ పోయినరోజు బంధువులందరూ ఉండగా, ఎవరో నన్ను ఓదారుస్తుంటే మరిది అన్నాడు: "వదినకి తీరిక దొరికితే కదా. ఆమెకి ఆ పుస్తకాలే కన్నతల్లి."

అతనికి అప్పుడు అలసట, దుఃఖం. అని మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు. అబద్ధమైతే మరిచిపోయేదాన్నేమో.

అది జరిగిన అయిదు నెలలకి ఏడాది నిండింది. పేజీ తెరిచాను. రబ్బరు చేతిలో ఉంది. పక్కన ఎవరూ లేరు. "ఉండనీ" అనుకుని పుస్తకం మూసేశాను.

ఆ తరవాత ఏటా పుస్తకాలు దులిపినప్పుడల్లా ఆ పేజీ కనబడేది. ఏటా ఉండనీ అనుకున్నాను. పండో స్వీటో పట్టుకుని వాళ్లింటికి వెళ్లినప్పుడు అతను పెద్దరికంగా ఏదైనా మాట్లాడితే, నీ పేజీ నా బీరువాలో ఉందిలే అనుకునేదాన్ని. అతనికి హాని చెయ్యాలని లేదు. ఒట్టు. ఆ బీరువా నాది, తాళం నాది, నా చెయ్యి దాటి అది ఎక్కడికీ పోదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడిచేయొచ్చు అనుకున్నాను. తొమ్మిదేళ్లు అనుకున్నాను.

ఇప్పుడు అది అయిదు ఫ్యాక్టరీల్లో కనబడుతోంది.

జూలై 22, మంగళవారం

ఫారం తెరిచాను. మూసేశాను. మళ్లీ తెరిచాను. ఇతరములు అని నొక్కితే వివరాలు రాయడానికి ఖాళీ వస్తోంది. దాని కింద చిన్న అక్షరాల్లో: ఈ వివరాలు మీ ఫైలులో శాశ్వతంగా నమోదవుతాయి. వీటి నకలు సంబంధిత ఉద్యోగికి వెళుతుంది.

మేనేజరుని అడిగాను, ఆ నకలు వెళ్లకుండా ఆపలేమా అని.

"ఆపలేమండి. దానంతటదే పోతుంది" అన్నాడు. మళ్లీ తనే, "అతనికి తెలియకూడనిది ఏమైనా ఉందా?" అన్నాడు.

రెండుఫోన్లాయనకి ఫోన్ చేశాను. ఆయనా అదే చెప్పాడు. మనిషి గురించి మనిషికి తెలియకుండా ఏదీ రాయడానికి లేకుండా కట్టామని, అదే ఇందులో గొప్పతనమని. గొంతులో ఎంత గర్వం! ఈ దిక్కుమాలిన నెట్‌వర్క్ కనిపెట్టినవాణ్ని, దాన్ని కొన్నవాణ్ని, తీగలు లాగినవాణ్ని, అందరినీ పేరుపేరునా తిట్టుకున్నాను. తిట్టినా ఆ వాక్యం అక్కడే ఉంది.

మా ఆయనకి అంతా చెప్పాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఇంత సేపు ఆయన నా మాట వినడం ఇదే మొదటిసారేమో. తిడతాడనుకున్నాను. తిడితే నేనూ నాలుగు తిట్టేదాన్ని.

"రాయకపోతే వాడి ఉద్యోగం పోతుంది. అంతేగా?" అన్నాడు.

"రాస్తే నా చెల్లెలు పోతుంది."

"రెంటిలో నీది కానిది ఏదో చూసుకో" అని లైటార్పి పడుకున్నాడు. ఎప్పుడూ నోరు విప్పని మనిషి, ఇప్పుడే విప్పాలా?

జూలై 23, బుధవారం

పదకొండున్నరకి పంపాను. రాసింది ఇది:

"ఈ గీత నేనే రాశాను. ఆ తరవాత పన్నెండు నెలలూ ఇతని మీద ఏ ఫిర్యాదూ లేదు. పద్ధతి ప్రకారం తుడవాలి. నేను తుడవలేదు. మరిచిపోయి కాదు. కుటుంబంలో వచ్చిన ఒక మాట మీద కోపం పెట్టుకుని కావాలనే ఉంచాను. రెండు రాత్రులు ఆస్పత్రిలో మా అమ్మ దగ్గర ఉండటం వల్ల ఇతను ఆరోజు నిద్రపోయాడు. ఆ సంగతి రాసేటప్పటికే నాకు తెలుసు. ఇతని తప్పు ఇందులో లేదు."

"ఖచ్చితంగా పంపాలా?" అని అడిగింది తెర. ఇరవై ఆరేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. అవును నొక్కాను.

షిఫ్టు మధ్యలో ఫర్నేస్ వాళ్ల ఫోన్లు లాకర్లలో ఉంటాయి. రెండింటి దాకా అతను చూడడు. రెండయ్యేదాకా గడియారం చూస్తూ కూర్చున్నాను. ఒక్క పనీ చెయ్యలేదు.

జూలై 24, గురువారం

ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

జూలై 28, సోమవారం

ఆఖరి లిస్టు వచ్చింది. మరిది ఉన్నాడు, ఇరవై ఏడో పేరు. మందలింపులు: సున్నా.

గేటు మెషిన్ దగ్గర జనం పలచబడ్డాక వెళ్లి వేలు పెట్టాను. ఇన్నేళ్లూ అందరి ఫైళ్లూ చూశాను, నాది ఎప్పుడూ చూసుకోలేదు. నా పేజీలో ఒక వరస ఉంది. "వ్యక్తిగత ద్వేషంతో రికార్డు నిలిపివేత. మందలింపు." తేదీ, టైము నిమిషాలతో సహా. వెనకాల నిలబడ్డ ప్యాకింగువాడు చదివేసి, చదవనట్టు ఆకాశం వైపు చూశాడు. చదువుకో నాయనా, పెద్ద అక్షరాల్లోనే రాశారు అన్నాను.

సాయంత్రం చెల్లెలికి చేశాను. ఎత్తలేదు.

జూలై 31, గురువారం

నాలుగురోజులుగా చేస్తున్నాను. నిన్న పిల్ల ఎత్తి, "అమ్మ పనిలో ఉంది పెద్దమ్మా" అంది. పక్కన చెల్లెలు ఊపిరి వినపడుతోంది. నాకు దాని ఊపిరి తెలియదా? చిన్నప్పుడు ఒకే మంచంలో పడుకున్నాం.

కోపంగా ఉంది. దాని మీద కాదు. ఎవరి మీదో ఒకరి మీద ఉంటే అరిచి తీర్చుకుందును.

ఆగస్టు 4, సోమవారం

కొత్త ఫ్యాక్టరీకి వెళ్లేవాళ్లు ఈరోజు లాకరు తాళాలు అప్పజెప్పారు. తాళంచెవిని నెట్‌వర్క్‌లో పంపే దారి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కాబట్టి ఆ ఒక్క పనీ నా కిటికీ దగ్గరే జరిగింది. రెండు తలుపులూ బార్లా తెరిచి కూర్చున్నాను.

మరిది వరసలో ఎనిమిదోవాడు. ఉతికిన చొక్కా, కొత్తగా గీసిన గడ్డం. తాళంచెవి, గేటు కార్డు నా ముందు పెట్టాడు.

"చెల్లి ఎలా ఉంది?" అన్నాను.

"బాగుందండి. సామాన్లు సర్దుతోంది."

"ఎప్పుడు బయల్దేరుతున్నారు?"

"రేపు పొద్దున బండికి."

"స్టేషన్‌కి వస్తాను."

"వద్దండి."

ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాను. పెట్టాడు. రసీదు మడిచి జేబులో పెట్టుకుని కూడా వెళ్లలేదు. కౌంటరు బల్ల మీదికి చూస్తూ నిలబడ్డాడు. గొంతు పెంచలేదు, వెనకవాళ్లకి వినపడకుండా అన్నాడు.

"ఆరోజు నేనెందుకు నిద్రపోయానో మీకు తెలియదనుకున్నాను మేడమ్. తెలిస్తే మీరు అలా రాసి ఉండేవారు కాదని ఈ తొమ్మిదేళ్లూ మా ఇంట్లో చెబుతూనే ఉన్నాను."

వదినా అనవయ్యా అని అరవాలనిపించింది. నన్ను తిట్టు, ఆ బల్ల మీద గుద్దు, నీ పెళ్లాన్ని తీసుకొచ్చి తిట్టించు, అనాలనిపించింది. అతని వెనక ఇంకా ఇరవై మంది తాళంచెవులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"తరవాతెవరు?" అన్నాను.